మారేడుమిల్లి వెదురు పొదలో పచ్చపాము: పసిరికే కదా అని దగ్గరికెళ్లాను

గోదావరి_గట్టు (రాజమండ్రి)
నవంబరు 10, రాత్రి 9:52

అందరికీ నమస్కారం అండి. మూడేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయే బాపతే నేను. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

నిన్న ఆదివారం వనభోజనాలకని మా ఆఫీసు నుంచి పద్నాలుగు మందిమి మారేడుమిల్లి వెళ్లాం. కార్తీకమాసంలో బొంగులో చికెన్ ఏంటని అడక్కండి. తినేవాళ్లు తిన్నారు, నేను పులిహోరతో సరిపెట్టుకున్నాను. భోజనాలయ్యాక అందరూ దుప్పట్లు పరిచి నడుం వాల్చారు. నేనూ, మా సెక్షన్ కుర్రాడొకడూ మాత్రం కెమెరా తగిలించుకుని, అక్కడ వంట చేసిన కొండరెడ్ల పెద్దాయన్ని దారి చూపించమని బతిమాలుకుని వాగు వెంబడి కాలిబాట పట్టాం. [స్థలం వివరాలు తొలగించాను. కారణం కింద చెప్తాను. – నిర్వాహకుడు]

నిజానికి వెళ్లింది పిట్టల కోసం అండి. తుఫాను వానలకి బాట ఇంకా జారుతూనే ఉంది. ఒకచోట దిగుడు వచ్చింది. ఆసరాకి పక్కనున్న వెదురు పట్టుకుందామని చెయ్యి చాపాను. అంతే, వెనకనుంచి పెద్దాయన నా చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. అరవలేదు, పామనీ అనలేదు. "ఉండండి బాబూ" అని గడ్డంతో అటువైపు చూపించాడు.

అర నిమిషం దాకా నాకేమీ కనపడలేదు. ఆకులు, ఎండిన తొడుగులు, మళ్లీ ఆకులు. ముందు కన్ను దొరికింది. కన్ను దొరికాక మిగతాదంతా దానంతటదే బయటపడింది. నా ఛాతీ ఎత్తులో, వేలెడంత లావు కొమ్మకి తోక చుట్టి, ఒళ్లంతా రెండు మూడు వంపులుగా పేర్చుకుని, తల కాస్త కిందికి వేలాడేసి ఉంది. నేను పట్టుకోబోయిన కణుపుకీ దానికీ మధ్య జానెడు దూరం.

ఇప్పుడు నేను చేసిన వెధవపని చెప్పాలి. పచ్చగా ఉంది, చెట్టు మీద ఉంది, ఇంకేం, పసిరిక పామే అనుకున్నాను. మా పెరట్లో మల్లెపందిరి మీద చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. "పసిరికేరా, ఏం చెయ్యదు" అని కుర్రాడితో అనేసి, ఫోను పట్టుకుని రెండడుగుల దాకా జరిగాను. పెద్దాయన ఈసారి కాలరు కాదు, జబ్బ పట్టుకున్నాడు. "కదిలే పచ్చది వేరు, కదలని పచ్చది వేరు. ఇది కదలనిది" అన్నాడు.

వెనక్కొచ్చి రెండు మీటర్ల పైనుంచి 70-300 లెన్సుతో 23 ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే కంటికీ ముక్కుకీ మధ్యలో ఒక గుంట ఉందండి. అగ్గిపుల్ల మొనతో పొడిచినట్టు. కంటిపాప నిలువుగా చీలిక. అప్పుడు పట్టాయి చెమటలు.

నాలుగు ఫోటోలు పెట్టాను. ఇదేం పామో చెప్పండి. ఫోటోలు ఎలా ఉన్నాయో కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

ఓరుగల్లు_లెన్స్
నవంబరు 10, రాత్రి 10:05

అన్నా, ముందుగాల ఆ పెద్దమనిషికి దండం పెట్టు. ఫోటోల సంగతి తర్వాత.

పుట్టతేనె
నవంబరు 10, రాత్రి 10:48

పసిరిక కాదండీ. ఇది విషసర్పం. మా బృందంలో వెదురు పింజర అంటాం, బాంబూ పిట్ వైపర్. మీరు చూసిన ఆ గుంటే దీని ఆనవాలు. పిట్ అన్న మాట దాన్నుంచే వచ్చింది. వేడిని పసిగట్టే అవయవం అది. చీకట్లో చిట్టెలుక వెళ్తుంటే దాని ఒంటి వేడి దీనికి తెలుస్తుంది. మీ చెయ్యి కూడా దానికి అలాగే తెలిసి ఉంటుంది, మీకది కనపడక ముందే.

ఇక పసిరిక సంగతి. మీ మూడో ఫోటో పక్కన మల్లెపందిరి పాముని ఊహించుకోండి. పసిరిక తాడులా సన్నం, ముట్టె సూదిగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, కంటిపాప అడ్డంగా ఉంటుంది. పగలు వేటాడుతుంది, ఎక్కువగా తొండల్నీ బల్లుల్నీ. దానికీ కొద్దిగా విషం ఉంది, కోరలు నోటి వెనకభాగంలో ఉంటాయి. మనిషికి ప్రమాదం లేదు. కళ్లు పొడుస్తుందని దాని మీద పెద్ద అపవాదు, మనవాళ్లే కాదు, తమిళులు, సింహళీయులు కూడా అంటారు. శాస్త్రీయనామంలో ఉన్న అహెతుల్లా అనే మాటకి సింహళంలో అర్థం అదే. 2020 దాకా మన పసిరికనీ శ్రీలంక పసిరికనీ ఒకే జాతి అనుకునేవారు. ఇప్పుడు ద్వీపకల్పపు మైదానాల్లో ఉన్నది అహెతుల్లా ఆక్సిరింకా, వేరే జాతి.

మీ వెదురు పింజరకి మెడ సన్నం, తల వెడల్పు. అయితే "తల ముక్కోణంగా ఉంటే విషం" అనే సూత్రం నమ్ముకోకండి. పిల్లిపాము తలా అలాగే ఉంటుంది, అది మనల్నేమీ చెయ్యదు. కట్లపాము తల చూస్తే మెడకీ తలకీ తేడానే తెలియదు, అది కరిస్తే ప్రాణం మీదికొస్తుంది.

పెద్దాయన చెప్పిన మాట నాకు చాలా నచ్చింది. కానీ దాన్నీ పట్టుకుని కూర్చోలేం. పసిరిక కూడా మనం కనపడితే కొయ్యబారిపోతుంది, లేదా గాలికి ఊగే తీగలాగా మెల్లగా ఊగుతుంది. ఆయన అడవిలో ఆయన కంటికి ఆ మాట పనిచేస్తుంది. మన కంటికి కాదు.

గోదావరి_గట్టు
నవంబరు 10, రాత్రి 11:02

మేడమ్, ధన్యవాదాలు. మా ఆవిడ వెనకనుంచి చదివేసింది. కెమెరా బీరువాలోకి వెళ్లింది, తాళం ఆవిడ కొంగున ఉంది.

నిర్వాహకుడు
నవంబరు 11, ఉదయం 7:15

మొదటి టపాలో వాగు పేరు, మైలురాయి, ఎన్ని నిమిషాల నడక అన్నీ ఉన్నాయి. తీసేశాను. ఈ జాతి పాములు ఒకే కొమ్మ మీద రోజుల తరబడి కూర్చుని వేట కోసం కాచుకుంటాయి. పిట్ట అయితే మీరు చెప్పేసరికి ఎగిరిపోతుంది, ఇది ఎగరదు. వచ్చే ఆదివారానికి పదిమంది అక్కడ ఉంటారు. ఫోనుతో తీసిన రెండో ఫోటోలో జీపీఎస్ వివరాలు కూడా ఉండిపోయాయి, దాన్నీ మార్చి పెట్టాను. అందరికీ మనవి: పాములు, గుడ్లగూబలు, పిట్టగూళ్ల ఫోటోలకి జిల్లా పేరు చాలు.

క్లిక్‌మనిపించు
నవంబరు 11, ఉదయం 9:30

బ్రదర్, సూపర్ సైటింగ్. నేను రెండేళ్లుగా వెతుకుతున్నా దీనికోసం. లొకేషన్ పర్సనల్‌గా పెట్టగలరా? ఎవరికీ చెప్పను.

నీలిపిట్ట
నవంబరు 11, మధ్యాహ్నం 1:20

మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి చెప్తాను.

మొదటిది పడేయండి. ఫోను పచ్చరంగుని ఉడకబెట్టేసింది. ఆకూ పామూ ఒకే ముద్ద.

రెండోది కూడా ఫోనుదే, కదిలింది.

మూడోది బాగుంది కానీ ఫోకస్ కంటి మీద లేదు. పెద్దది చేసి చూడండి, మెడ దగ్గర రెండో వంపు మీద పొలుసుల మధ్య గీతలు కూడా లెక్కపెట్టచ్చు, కన్ను మాత్రం మెత్తగా ఉంది. కెమెరాకి దగ్గరగా ఏది ఉంటే దాన్నే ఆటోఫోకస్ పట్టుకుంటుంది. వెదురు ఆకుల మధ్య దానికి వదిలెయ్యకూడదు. ఒక్క పాయింటు ఎంచుకుని కంటి మీద పెట్టాలి. అది కదలని జంతువు కాబట్టి మీకు బోలెడంత టైముంది, ఆ ఒక్క సదుపాయం ఏ పిట్టా ఇవ్వదు.

నాలుగోది. దీన్ని ఎందుకు చివర పెట్టారో నాకర్థం కాలేదు. తల ఫ్రేములో ఓ పక్కన చిన్నగా ఉంది, మిగతాదంతా వెదురు. పాము ఎక్కడుందో మూడు సెకన్లు వెతికాను. మీకు అక్కడ జరిగిందే నాకు ఇక్కడ జరిగింది. పామునే చూపించే ఫోటోలు ఇక్కడ వందలున్నాయి. పాము దాక్కోవడాన్ని చూపించేవి బహుశా పది. దీన్ని కత్తిరించకండి.

సాంకేతికంగా అయితే సాయంత్రం నాలుగున్నరకి వెదురు కింద వెలుతురు ఏముంటుంది! మీరు 300 జూమ్ దగ్గర సెకనులో 1/60 వంతు షట్టరుతో తీశారు, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని ఆపే ఏర్పాటు) దయవల్ల బతికారు. ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే స్థాయి) 3200 కి భయపడకండి. ఫోటోలో చుక్కలు చుక్కలుగా నలత వచ్చినా పర్లేదు, కదిలిన ఫోటోని ఎవరూ బాగుచెయ్యలేరు. మాక్రో లెన్సు (చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసేది) కొంటానని మాత్రం అనకండి. 100 మాక్రోతో నిండు సైజు రావాలంటే లెన్సు అంచు జానెడు దూరంలోకి వెళ్లాలి. సాలీడుకి సరే. దీనికి మాత్రం టెలీ లెన్సే, అదీ దూరంగా ఫోకస్ అయ్యేది.

ఆస్టిన్_అబ్బాయి
నవంబరు 11, రాత్రి 8:44

ఇక్కడ టెక్సాస్‌లో రాటిల్ స్నేక్ కూడా ఈ గుంట ఉన్న కుటుంబమేనండి. కాకపోతే అది తోక ఆడించి ముందే చెప్తుంది, "నాయనా, ఇక చాలు" అని. మొన్న ట్రెయిల్ మీద ఆ గలగల విని మా నాన్న (ఊరినుంచి వచ్చారు) "ఎవరిదిరా ఈ తాళాల గుత్తి" అన్నారు. అందుకే అడుగుతున్నాను, మన వెదురు పింజర హెచ్చరిక ఏమీ ఇవ్వదా?

పుట్టతేనె
నవంబరు 11, రాత్రి 9:10

తోక కాస్త వణికించచ్చు, నోరు తెరవచ్చు. ఎక్కువసార్లు ఏమీ చెయ్యదు. కనపడకుండా ఉండటం మీదే దాని బతుకంతా. ఒళ్లు పొడవు రెండడుగులు, ఎంత పెద్దదైనా మూడడుగులు. కొమ్మకి చుట్టుకున్న పాము ఒంటి పొడవులో సగం దూరం విసరగలదనుకోండి. గోదావరి_గట్టు గారు ఫోనుతో నిలబడిన చోటు లెక్క వేసుకుంటే... వద్దులెండి, వాళ్లావిడ చదువుతున్నారు.

ఓరుగల్లు_లెన్స్
నవంబరు 12, ఉదయం 6:58

నాది గూడ చెప్త వినుండ్రి. పోయినేడు చలికాలం పాకాల దిక్కు పోయినం. బాట మీద ఎండుటాకుల నడుమ లావుగ ఏదో పన్నది. నేనేమో కొండచిలువ పిల్ల అనుకున్న. మస్తు ముద్దుగున్నదని నేల మీద పండుకొని, మోచేతులు ఆనిచ్చి, లెన్సు పెట్టి ఫోటోలు తీస్తున్న. గప్పుడు మొదలువెట్టింది సప్పుడు. కుక్కర్ కూత వచ్చే ముందల సుయ్య్ అంటది సూడు, గట్ల. ఆగుతలేదు. ఊపిరి తీసుకునేటప్పుడు గూడ సప్పుడే. పండుకున్నోన్ని పండుకున్నట్టే వెనక్కి పాకిన. ప్యాంటు మోకాళ్ల కాడ చినిగింది.

రక్తపింజర అది. ఇంటికొచ్చినంక చూస్తే వీపు మీద మూడు వరుసల మచ్చలు, గొలుసు లెక్క, ఒక్కటి తప్పకుంట. కొండచిలువ మచ్చలు గట్ల వరుసల ఉండయి, చింపిన మ్యాపు లెక్క ఉంటయి. గిది నేర్చుకునుడు కోసం ఒక ప్యాంటు పోయింది, పర్వలేదు.

పాత_కాగితాలు (విశాఖపట్నం)
నవంబరు 12, మధ్యాహ్నం 12:35

ఈ చర్చలో వచ్చిన పాములన్నిటికీ మా ఊరితో చుట్టరికం ఉంది, చెప్పకుండా ఉండలేను.

పాట్రిక్ రస్సెల్ అని స్కాట్లండు వైద్యుడు, 1785 నుంచి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా కోరమాండల్ తీరంలో పనిచేశాడు. విశాఖపట్నంలో ఉండి పాములు తెప్పించుకుని, బొమ్మలు వేయించి, కోళ్లకీ కుక్కలకీ కాటు వేయించి ఏది విషపుదో రాసుకున్నాడు (కోళ్ల పాపం ఆయనదే). 1796లో పుస్తకం వేశాడు. అందులో నన్ను కట్టిపడేసేది ఆ పేర్లు. పట్టుకొచ్చినవాళ్లు ఏమన్నారో విని ఆంగ్ల అక్షరాల్లో అలాగే దించేశాడు. ఓరుగల్లు తమ్ముడి రక్తపింజర అందులో "కటుక రేకుల పొడ". కాటుక రేకులు! ఆ గొలుసు మచ్చల నల్లటి అంచు చూసి ఎవరో మహానుభావుడు పెట్టిన పేరు అది. కొండచిలువ "పెద్ద పొడ". అంటే రెండిటికీ పోలిక ఉందని అప్పటివాళ్లకీ తెలుసు, తమ్ముడూ, నువ్వు ఒంటరివాడివి కాదు. పసిరిక ఆ పుస్తకంలోనూ "పసెరికి పామ్" అనే ఉంది.

గోదావరి_గట్టు గారి పాముకి అక్కడ "బూడ్రూ పామ్" అని రాశాడు. మన నోట అది ఏ మాటో, బూడిదో బొద్దో, నేను చాలాకాలంగా గింజుకుంటున్నాను. శ్రీకాకుళం, విజయనగరం ఏజెన్సీ వైపువాళ్లు ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చెప్తే పుణ్యం ఉంటుంది. 1802లో జార్జి షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయనామం పెట్టినప్పుడు, ఆధారంగా తీసుకున్న పాము దొరికిన ఊరు విశాఖపట్నమే. రక్తపింజరకి లోకమంతా రస్సెల్ పేరు పెట్టింది. కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు. అది మన "బంగారు" పామే, పసుపు నలుపు పట్టీలు ఉంటాయే, దాన్నుంచి వెళ్లింది.

శేషాచలం_నడక
నవంబరు 12, సాయంత్రం 5:11

మా పక్క తలకోనలో అయితే పాము కనపడితే చాలు, ఒకడు వీడియో తీస్తా ఉంటాడు, ఇంకొకడు రాయి ఎత్తుకోని ఉంటాడు. మొన్న చవితికి పుట్టలో పాలు పోసినోళ్లే మళ్లా. పాము పాలు తాగదని చెప్తే మా అమ్మ నన్నే కరిచేటట్టు చూసింది.

పల్లె_డాక్టర్
నవంబరు 12, రాత్రి 11:30

డ్యూటీ అయ్యేసరికి ఈ టైమైంది. ఫోటోల గురించి నాకేం తెలియదు. కాటు గురించి చెప్తాను, ఎందుకంటే ఇంతమంది రాశారు కానీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మన ఆసుపత్రుల్లో ఉండే పాము కాటు మందు నాలుగు పాములకి తయారైంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. తమిళనాడులో పాములు పట్టే గిరిజనులు ఇరుళులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచే ఆ విషంలో పెద్ద భాగం వస్తుంది, గుర్రాలకి కొద్దికొద్దిగా ఎక్కించి మందు తీస్తారు. వెదురు పింజర ఆ నాలుగింట్లో లేదు. అంటే ఆ మందు దీనికి పనిచేస్తుందని భరోసా లేదు. సాధారణంగా ఇది ప్రాణం తియ్యదు. కానీ చెయ్యి మోచేతి దాకా ఉబ్బుతుంది, నొప్పి భరించలేరు, పొక్కులు లేస్తాయి, కొందరిలో రక్తం గడ్డకట్టడం దెబ్బతింటుంది. నొప్పికి మందిచ్చి, వాపుని కనిపెట్టుకుని, రక్తాన్ని చూస్తూ ఉండటమే వైద్యం. అలా చూడటానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు ముట్టుకోకుండా ఉంచి, ఒంచి చూస్తాం. జారితే గడ్డకట్టలేదన్నమాట. గాజుదే ఉండాలి, ప్లాస్టిక్ గొట్టంలో తప్పుడు ఫలితం వస్తుంది. కొత్తగా చేరిన సిస్టర్లకి నేను మొదట నేర్పేది ఇదే.

గుడ్డ బిగించి కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు పుయ్యడం, ఇవేవీ చెయ్యకండి. ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసెయ్యండి, వాచాక రావు, కొయ్యాల్సి వస్తుంది. చెయ్యి కదలకుండా కర్రముక్కకి వదులుగా కట్టి 108కి ఫోన్ చెయ్యండి. పాముని పట్టి తేవద్దు. ముందే ఫోటో ఉంటే చాలు, నిజంగా ఉపయోగపడుతుంది. లేకపోతే దానికోసం మళ్లీ పొదలోకి వెళ్లద్దు. మారేడుమిల్లి నుంచి రాజమండ్రి 80 కిలోమీటర్ల పైచిలుకు. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో మీకే తెలుసు.

ఇంకోటి. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో 12 లక్షలమంది పోయారు, ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమంది పల్లెటూరివాళ్లు, వానాకాలంలో, చేలో, ఇంటి దగ్గర. సరదాకి అడవికెళ్లినవాళ్లు కాదు. నా దగ్గరికి వచ్చేది కూడా నాట్లు వేసే ఆడవాళ్లు, రాత్రి మోటారు వెయ్యడానికి వెళ్లిన రైతులు. చెప్పులు లేని కాళ్లు. అందుకే రెండడుగుల్లో ఫోను పెట్టానని ఎవరైనా నవ్వుతూ రాస్తే నాకు నవ్వు రాదు. క్షమించండి, నిద్రలేమి.

గోదావరి_గట్టు
నవంబరు 13, ఉదయం 6:20

క్షమించడం ఏంటి సార్. మీరన్నది నిజమే. మొదటి టపాలో ఆ ముక్క కాస్త హుషారుగానే రాశాను. మార్చను, అలాగే ఉండనివ్వండి, చదివినవాళ్లకి తెలియాలి.

క్లిక్‌మనిపించు
నవంబరు 17, రాత్రి 8:02

ఫ్రెండ్స్, ఫైనల్లీ! లొకేషన్ ఎవరూ చెప్పకపోయినా మొదటి రోజు టపా స్క్రీన్‌షాట్ ఒకరి దగ్గర దొరికింది. నిన్న వెళ్లాను. అదే పాము అనుకుంటా. మూడు ఫోటోలు, కామెంట్స్ ప్లీజ్.

నీలిపిట్ట
నవంబరు 17, రాత్రి 8:40

ఫోటో పదునుగా ఉంది. కన్ను, గుంట, పొలుసు, అన్నీ పట్టారు. ఒక్క ప్రశ్న. ఇది నాచు పట్టిన రాయి మీద చుట్ట చుట్టుకుని ఉంది. పక్కన ఎండ. నీడ పొట్టిగా ఉంది కాబట్టి మిట్టమధ్యాహ్నం. రాత్రి తిరిగే పాము, వెదురు మీద ఉండాల్సింది, మధ్యాహ్నం ఎండలో రాయి మీదకి ఎలా వచ్చింది?

క్లిక్‌మనిపించు
నవంబరు 17, రాత్రి 8:55

అక్కడే ఉంది బ్రో. నేచర్ అన్‌ప్రెడిక్టబుల్.

పుట్టతేనె
నవంబరు 17, రాత్రి 9:31

రెండో ఫోటోలో తోక చూడండి. ఈ పాము తోక పట్టు కోసమే ఉంది. ఎక్కడున్నా దేన్నో ఒకదాన్ని చుట్టుకునే ఉంటుంది. ఇక్కడ రాయి మీద జారుతూ గాలిలో వెతుక్కుంటోంది. మూడోదాంట్లో తల కింద అడ్డంగా ఒత్తిన గుర్తు, పొలుసులు లేచి ఉన్నాయి. కొక్కెంతో దించారు మీరు.

క్లిక్‌మనిపించు
నవంబరు 17, రాత్రి 10:15

సరే, హుక్ వాడాను. ట్రెయినింగ్ తీసుకున్నా, సేఫ్‌గానే చేశా. పది నిమిషాలు, అంతే. మళ్లీ పొద దగ్గరే వదిలేశా. పాముకి ఏమైంది? పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లు అందరూ చేసేదే ఇది, బయటికి చెప్పరు. నేను చెప్పాను కాబట్టి నేను దొంగనా?

ఓరుగల్లు_లెన్స్
నవంబరు 17, రాత్రి 10:22

మొదలు అక్కడ్నే ఉండె అన్నవ్ కదనె.

నీలిపిట్ట
నవంబరు 18, ఉదయం 7:00

"అందరూ చేసేదే" అన్న మాటలో కొంత నిజం ఉంది, దాచను. పదిహేనేళ్ల క్రితం నేనూ ఒక పసిరికని కర్రతో కొమ్మ మార్చాను, వెనక ఆకాశం బాగా వస్తుందని. ఆ ఫోటోకి అప్పట్లో మెచ్చుకోళ్లూ వచ్చాయి. ఇప్పుడు చూస్తే నాకు కనపడేది ఆకాశం కాదు, పాము మెడ బిగుసుకుని ఉండటం. మీ ఫోటో కూడా అంతే. పదునుంది. కానీ అందులో ఉన్నది భయపడిన పాము. వెదురు పింజర ఎలా బతుకుతుందో చూపించేది గోదావరి_గట్టు గారి నాలుగోదే, ఫోకస్ అటూఇటూ అయినా సరే.

నిర్వాహకుడు
నవంబరు 18, ఉదయం 9:45

క్లిక్‌మనిపించు గారి ఫోటోలు తొలగించాను, ఖాతా నెలరోజులు ఆపాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, తరమడం, ఎర వెయ్యడం కూడా అందులోకే వస్తాయి. పాముల్ని పట్టడంలో శిక్షణ ఉంటే ఇళ్లలో దూరిన పాముని అటవీశాఖకి చెప్పి కాపాడటానికి వాడండి, అందరం దండం పెడతాం. మొదటి టపా స్క్రీన్‌షాట్ ఇచ్చినవారు కూడా ఇది చదువుతున్నారని అనుకుంటున్నాను. టపా పడిన తొమ్మిది గంటల దాకా నేను చూడకపోవడం నా తప్పు.

శేషాచలం_నడక
నవంబరు 18, ఉదయం 10:02

ఆయప్పని తిట్టినాం సరే. ఇంతకీ ఆ పాము ఏమయిందో ఎవరికన్నా తెలుసునా?

గోదావరి_గట్టు
నవంబరు 24, రాత్రి 9:18

నిన్న మళ్లీ వెళ్లొచ్చానండి. కెమెరా లేకుండా. తాళం ఇంకా కొంగునే ఉంది.

పెద్దాయన ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆ కుర్రాడెవరో కొక్కెం కర్రతో వచ్చాడని ఆయనకి తెలుసు. పక్కవాళ్ల పిల్లలు వెనకాలే వెళ్లి చూశారట. ఇద్దరం కలిసి వాగు దాకా నడిచాం. ఆ కొమ్మ మీద లేదు. ఆ పొదంతా పెద్దాయన దూరం నుంచే చాలాసేపు చూశాడు, నేనూ చూశాను. కొమ్మ మీద అది కూర్చున్న చోట వెదురు కాస్త నునుపుగా ఉన్నట్టు నాకనిపించింది, నా భ్రమే అయ్యుండచ్చు. అడుగున ఎండుటాకుల్లో కర్రతో కెలికిన గాడి మాత్రం ఉంది. "వాగు అవతలకి పోయుంటది" అన్నాడాయన. ఊరికే అన్నాడో, తెలిసి అన్నాడో.

పాత_కాగితాలు గారూ, మీ "బూడ్రూ" మాట గురించి అడిగాను. రెండు మూడు రకాలుగా పలికి చూపించాను. నవ్వాడు తప్ప ఏమీ చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయనే ఒకటి అడిగాడు. ఫోటో కావాలట. తనకి కాదు. ఆదివారాల్లో వచ్చే జనం జారినప్పుడల్లా వెదుళ్లు పట్టుకుంటున్నారు, చెప్తే వినట్లేదు, పాములెక్కడున్నాయి అంటున్నారు. వంటపాక గుంజకి తగిలించి "ఇందులో పాముందో లేదో చెప్పండి, ఆ తర్వాత వెళ్లండి" అంటాడట. నాలుగోది ఇద్దామనుకుంటున్నాను, కత్తిరించకుండా. కింద ఏమీ రాయద్దన్నాడు.

పల్లె_డాక్టర్
నవంబరు 24, రాత్రి 11:56

నాకూ ఒకటి కావాలి, మా ఓపీ గోడకి. డబ్బులు పంపిస్తాను.

నీలిపిట్ట
నవంబరు 25, ఉదయం 6:40

ఎ3 సైజు కన్నా చిన్నది చేయించకండి, తల కనపడదు. లామినేషన్ మెరుపు లేనిది చేయించండి. వంటపాకలో పొగ పడుతుంది కదా, తడిగుడ్డతో తుడుచుకోవడానికి వీలుగా అంచులు బాగా మూయించండి. అసలు ఫైలు నాకు పంపితే నీడల్లో కాస్త వెలుతురు ఎత్తి ఇస్తాను. మరీ ఎక్కువ ఎత్తను, పాము వెంటనే కనపడిపోతే ఆయన పని చెడుతుంది.